కొన ఆగితే పువ్వు, సాగితే కంకి

(విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు హాజరైన సభలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. బతుకమ్మ రోజులు కాబట్టి పూల కోసం నేను పెద్దగా తిరగాల్సిన పని లేకపోయింది. ఈ బల్ల మీద బంతి, గునుగు, తంగేడు, సీతజడ ఉన్నాయి. ఆ పక్కన ఒక అరటిపువ్వు, రెండు వరి వెన్నులు, ఒక మక్కకంకి, కొన్ని మేడికాయలు పెట్టాను. ఈ పూట వీటిని విప్పి చూద్దాం. పేర్లు, నిర్వచనాలు పిల్లల పుస్తకాల్లో ఉన్నాయి, అవి నేను చదివి వినిపించను. మొక్క పువ్వును ఎక్కడ పెడుతుంది, ఎన్ని పెడుతుంది, ఏది ముందు విప్పుతుంది, ఎందుకలా చేస్తుంది అన్నదే నా విషయం.

[బంతిపువ్వు చేతిలోకి తీసుకుని] బంతితోనే మొదలుపెడతాను. ఇందులో ఎన్ని పూలున్నాయి? ఒకటే అంటున్నారు. సరే, నిలువునా చీలుస్తున్నాను. కింద ఆకుపచ్చని తొడుగు ఉంది. ఇప్పుడు ఒక్క రేకును మొదలంటా లాగుతున్నాను. రేకు ఒక్కటే రాలేదు, చూశారా? దాని అడుగున సన్నటి పుల్ల ఒకటి అంటుకుని వచ్చింది. పుల్ల తల మీద చిన్న పొలుసులున్నాయి. రేకు మొదట్లోంచి ఒక దారం పైకి వచ్చి చివర రెండుగా చీలింది. ఆ చీలింది కీలాగ్రం, పుప్పొడి అంటుకునే చోటు. ఈ పుల్ల అండాశయం, విత్తనం కట్టే చోటు. అంటే మనం రేకు అనుకున్నది ఒక పువ్వు. ఎండిన బంతిని నలిపి మడిలో చల్లుతాం కదమ్మా, ఆ నల్లటి పుల్లలు ఇవే. ఉత్త రేకయితే దానికి విత్తనం ఎలా కడుతుంది? కాబట్టి నా చేతిలో ఉన్నది పెద్ద పూల గుంపు. కాడ మీద పూలు అమరే తీరును పుష్పవిన్యాసం అంటారు, ఇలా తలలా గుమిగూడితే శీర్షవత్ పుష్పవిన్యాసం. అడుగునున్న ఆకుపచ్చ తొడుగు కూడా ఒక పువ్వు మొగ్గను కప్పే రక్షకపత్రాలు కావు. గుంపు మొత్తానికి కాపలా కాసే పుచ్ఛాలు, అంటే పూల కింద ఉండే ఆకులు, ఒకదానికొకటి అతుక్కుని అలా తొడుగైపోయాయి.

పొద్దుతిరుగుడులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అంచున పసుపు రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు. వాటికి గింజ పట్టదు. తేనెటీగలకు దూరం నుంచి కనబడటం ఒక్కటే వాటి పని. గింజ పట్టేది నడిమి పళ్ళెంలో ఉన్న చిన్న పూలకు. ఆ చిన్న పూలు అంచు నుంచి లోపలికి వరుసలు వరుసలుగా విచ్చుకుంటాయి. ప్రతి పువ్వూ ముందు పుప్పొడినిస్తుంది, ఆ తర్వాత కీలాగ్రాన్ని చాపుతుంది. అందుకని విచ్చుకుంటున్న పళ్ళాన్ని దగ్గరగా చూస్తే బయటి వలయంలో చీలిన కీలాగ్రాలు, దాని లోపలి వలయంలో పుప్పొడి, నడుమ ఇంకా మూసుకున్న మొగ్గలు కనిపిస్తాయి. మొగ్గల వరుసలు రెండు దిక్కులకూ సుడులు తిరిగి ఉంటాయి. ఒక దిక్కున 34, రెండో దిక్కున 55 సుడులుండటం మామూలే. నడిమధ్య పూలు అన్నిటికన్నా ఆఖరున వస్తాయి కాబట్టి వాటి వంతుకు ఆహారం తగ్గుతుంది. గింజ కొట్టేటప్పుడు పళ్ళెం మధ్యలో తాలు ఎక్కువ కనబడేది అందుకే.

సుమారు 3 లక్షల జాతుల పూలమొక్కలున్నాయి భూమ్మీద. అందులో 25 వేలకు పైగా ఈ బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానివే. చిన్న చిన్న పూలను ఒక్కచోట చేర్చి ఒకే పెద్ద పువ్వులా చూపించటం ఈ కుటుంబానికి బాగా కలిసొచ్చిందని నేను నమ్ముతాను. ఒక్క ఈగ ఒక్కసారి వాలితే పదుల పూలకు పని జరిగిపోతుంది.

మరి ఒంటి పువ్వు అంటే ఏమిటి? ఈ తంగేడును చూడండి. మన రాష్ట్ర పుష్పం. కాడ కొసన చిన్న పీఠం ఉంది, దాన్ని పుష్పాసనం అంటాం. దాని మీద కింది నుంచి పైకి నాలుగు వరుసలు ఉన్నాయి. 5 రక్షకపత్రాలు, అంచులు ముడతలు పడిన 5 పసుపు ఆకర్షణపత్రాలు, అంటే రేకులు, పుప్పొడినిచ్చే 10 కేసరాలు, నడుమ వంకర తిరిగిన ఒకే ఒక్క అండకోశం. ఈ అండకోశమే రేపు కాయ అవుతుంది. కేసరాల్లో పై మూడూ పనికిరానివి. కిందివైపు పొడుగ్గా ఉన్నవే ముఖ్యమైనవి. వాటి కొసన సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది, పుప్పొడి అందులోంచే రావాలి. తంగేడులో తేనె లేదు. తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్ళతో గట్టిగా పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తుంది, ఆ అదురుకు పుప్పొడి చిమ్ముకుని దాని పొట్టకు అంటుతుంది. పొద్దున్నే తంగేడు పొద దగ్గర నిలబడితే ఈ చప్పుడు చెవికి తెలుస్తుంది. మామూలుగా ఎగిరేటప్పటి చప్పుడుకన్నా అది సన్నంగా, తెగి తెగి వినిపిస్తుంది.

పువ్వు అంటే దగ్గరగా కుదించుకుపోయిన ఒక కొమ్మే. కొమ్మ కొనలో ఒక పెరిగే మొగ్గ ఉంటుంది. అది ఆకులు వేసుకుంటూ పోతుంది. పువ్వు వేళ వచ్చేసరికి అదే కొన ఆకులకు బదులు రక్షకపత్రాలు, రేకులు, కేసరాలు, అండకోశం వేసి, అక్కడితో ఆగిపోతుంది. ఈ ఆగిపోవటాన్ని గుర్తుపెట్టుకోండి. 1991లో బ్రిటన్‌లో ఎన్రికో కోయెన్, అమెరికాలో ఎలియట్ మేయరోవిట్జ్ దీని వెనకున్న జన్యువుల లెక్క తేల్చారు. మూడు రకాల జన్యువులు రకరకాలుగా కలిసి నాలుగు వరుసలనూ నిర్ణయిస్తాయి. అందులో కేసరాలను, అండకోశాన్ని చేసే జన్యువే కొనను ఆపే పని కూడా చేస్తుంది. అది పనిచెయ్యకపోతే కేసరాల చోట రేకులు వస్తాయి, కొన ఆగకుండా రేకుల మీద రేకులు వేసుకుంటూ పోతుంది. ముద్ద మందారం ఇంట్లో ఉన్నవాళ్ళు చూడండి, రేకు అంచున సగం పరాగకోశం, అంటే పుప్పొడి సంచి, అతుక్కుని కనిపిస్తూ ఉంటుంది. కేసరం రేకుగా మారబోయి దారిలో నిలిచిపోయిందన్నమాట. ముద్దబంతిలో జరిగింది వేరు. అక్కడ కేసరాలు మారలేదు, నడుమ ఉండాల్సిన చిన్న గొట్టపు పూలు అంచు పూల రూపం ఎత్తాయి. చూపుకు రెండూ ముద్దపూలే అయినా లోపలి సంగతులు పూర్తిగా వేరు.

ఇక పూలు గుంపుగా వచ్చినప్పుడు ప్రతి పువ్వు కొనా ఆగిపోతుంది సరే, ఆ పూలన్నిటినీ మోసే నడిమి కాడ కొన ఏమవుతుంది? పుష్పవిన్యాసాల శాస్త్రమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

[గునుగు కాడ చూపిస్తూ] గునుగులో అది ఆగదు. పైకి పోతూ పక్కల పూలు వేస్తూ ఉంటుంది. అందుకని అన్నిటికన్నా ముసలి పువ్వు అడుగున, అన్నిటికన్నా పసిది కొసన ఉంటుంది. కొస గులాబీ రంగు, కింద వెండి తెలుపు. కింది పూలను వేళ్ళతో నలుపుతున్నాను, అరచేతిలో నల్లగా నిగనిగలాడే గింజలు రాలాయి. తోటకూర గింజల్లా ఉన్నాయంటున్నారు, అవును, అది తోటకూర కుటుంబమే. పైన మొగ్గ ఉండగానే కింద విత్తనం తయారైపోయింది. దీన్ని అనిశ్చిత పుష్పవిన్యాసం అంటారు. పూలకు కాడలు లేకుండా నడిమి కాడకే అంటుకుని ఉన్నాయి కాబట్టి కంకి అంటాం. గునుగుకు రేకులు లేవు. మనకు కనిపించేవి కాగితంలా ఎండినట్టుండే అయిదేసి పత్రాలు. అందుకే కోసిన తర్వాత వాడదు, రంగులద్దినా నిలుస్తుంది, బతుకమ్మ ఎత్తు పెరిగేకొద్దీ బరువును తట్టుకుంటుంది. మన ఆడవాళ్ళు ఊరికే ఎంచుకోలేదు దీన్ని.

మల్లె దీనికి ఎదురు. మల్లెలో నడిమి కాడ కొనే పువ్వయిపోతుంది. ఆ తర్వాత దాని కింద ఇరువైపులా రెండు చిన్న కాడలు లేచి, వాటి కొనలు కూడా పూలవుతాయి. మూడు మొగ్గల గుత్తిలో ఎప్పుడూ నడిమిదే ముందు తెల్లబడుతుంది. మొగ్గ కోసే కూలీలకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్ళ వేళ్ళకు తెలుసు. ముందు నడిమిది కోస్తారు, పక్కవి మర్నాటికో ఆ మర్నాటికో వదిలేస్తారు. ఇది నిశ్చిత పుష్పవిన్యాసం. పరీక్ష రాసే పిల్లలకు ఒక మాట. గుత్తి చేతికి రాగానే పేరు వెతక్కండి, ముందు అందులో అన్నిటికన్నా ముసలి పువ్వెక్కడుందో వెతకండి. అడుగునో అంచునో ఉంటే కాడ కొన సాగింది, కొసనో నడుమనో ఉంటే ఆగింది.

సీతజడ, కొన్నిచోట్ల కోడిజుట్టు అంటారు, ఇది గునుగుకు దగ్గరి చుట్టమే. కానీ ఈ వంకీలేమిటి? పెరిగే కొన మామూలుగా ఒక చుక్కంత ఉండాలి. ఇందులో ఆ చుక్క అడ్డంగా సాగి గీత అయింది. గీత పొడవునా పెరుగుదల ఉండేసరికి చోటు చాలక మడతలు పడింది. పై మడతల్లో సరైన పూలు తక్కువ. విత్తనం కావాలంటే కింది భాగంలో పక్కల వెతకాలి.

కొనను ఆగనివ్వకుండా చూసే జన్యువు ఒకటుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపుమొక్కలో దాన్ని గుర్తించారు. అది చెడితే పైకి సాగుతూ పోవాల్సిన కాడ కొసన పువ్వు వేసి ఆగిపోతుంది. టమాటాలో దాని జంట జన్యువు మారటం వల్లే గుబురుగా పెరిగి ఆగిపోయే పొట్టి రకాలొచ్చాయి. పందిరి అక్కర్లేదు, కాయలు ఇంచుమించు ఒకేసారి పండుతాయి, యంత్రంతో కోసుకోవచ్చు. సాగే రకాలకు కర్రలు పాతి, దారాలు కట్టి, నెలల తరబడి కోస్తూనే ఉండాలి. గోబీ పువ్వు సంగతి ఇంకో విచిత్రం. అక్కడ ప్రతి కొనా పువ్వు కాబోతుంది, కాలేకపోతుంది. పువ్వు కాలేని కొన మళ్ళీ కొనలు వేస్తుంది, ఆ కొనలకూ అదే గతి. 2021లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు జన్యువులూ గణితమూ కలిపి ఆ తెల్లటి గడ్డ అలా ఎందుకు తయారవుతుందో చూపించారు. మనం కూర వండుకునేది కొన్ని వేల విఫల ప్రయత్నాలను.

మిగతా ఆకారాలు త్వరగా చెప్పేస్తాను. తంగేడు గుత్తిలో కింది పూల కాడలు పొడుగు, పై పూలవి పొట్టి. అందుకని పూలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకు వస్తాయి. ఇలా ఉంటే సమశిఖి. ధనియాల మొక్కలో పూలకాడలన్నీ గొడుగు ఊచల్లా ఒకే చోటు నుంచి లేస్తాయి, అది గుచ్ఛం. చలికాలంలో కొత్తిమీర పూతకు వచ్చినప్పుడు ఒక్క గుచ్ఛాన్ని భూతద్దం కింద పెట్టండి. అంచు పూలకు బయటివైపు రేకులు పెద్దవి, లోపలివైపువి చిన్నవి. నడిమి పూలకు అన్నీ చిన్నవే. బంతి కుటుంబంతో ఏ సంబంధమూ లేని మొక్క, అయినా గుంపును ఒకే పువ్వులా చూపించే ఉపాయానికే వచ్చింది. తులసి వెన్నులో కణుపు కణుపుకూ ఆరేసి పూలు చుట్టూ ఉంటాయి. నిజానికి అవి ఎదురెదురుగా ఉన్న రెండు మూడుపూల గుత్తులు. నడిమి కాడ సాగుతుంది, పక్క గుత్తులు ఆగుతాయి, రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉన్నాయి. కాగితంపూలలో రంగుదంతా పుచ్ఛాలదే. ఒక్కో పుచ్ఛం నడిమి ఈనెకు ఒక సన్నటి గొట్టపు పువ్వు అతుక్కుని ఉంటుంది, మూడు పుచ్ఛాలకు మూడు పూలు.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోట బాధ్యత తీసుకుని వెళ్ళేదాకా ఆ ప్రాంతపు మొక్కలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చాయి. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు రాయించుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన చేసిన పని 1795 నుంచి లండన్‌లో 300 రంగు పటాలతో అచ్చయింది. ఆ బొమ్మల్లో పూలగుత్తి ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది, పక్కనే విడదీసిన పువ్వు భాగాలు ఉంటాయి. ఫోటో తీయటం తేలికైన ఈ రోజుల్లో కూడా నేను విద్యార్థులతో బొమ్మ గీయించే అలవాటు మానలేదు. గీసేటప్పుడు చూసినంత జాగ్రత్తగా ఫోటో తీసేటప్పుడు ఎవరూ చూడరు.

ఇప్పుడు రైతులకు దగ్గరి సంగతులకు వస్తాను. కొబ్బరిచెట్టుకు ఉన్నది ఒకే ఒక్క కొన. దాన్నే మొవ్వు అంటాం. కొమ్ము పురుగు దాన్ని బాగా తొలిచినా, మొవ్వు కుళ్ళు పట్టినా చెట్టు పోయినట్టే, పక్కన ఇంకో కొన లేదు. అలాంటి కొనను కొబ్బరి పువ్వుకు ఇవ్వదు. ప్రతి మట్ట మొదట్లోంచి ఒక పొత్తి వస్తుంది. ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తే దాదాపు అన్ని గెలలు. పొత్తి పగిలితే లోపలి కొమ్మల మొదట్లో గుండ్రటి ఆడపూలు కొన్ని, పైనంతా వేల కొద్దీ మగపూలు కనిపిస్తాయి. పొడుగు రకాల్లో మగపూల వంతు అయిపోయాకే ఆడపూలు సిద్ధమవుతాయి. అందుకని వాటికి పక్క చెట్టు పుప్పొడి కావాలి.

అదే తాళజాతిలోని శ్రీతాళం చూడండి. తాటాకు గ్రంథాలకు ఆకులిచ్చిన చెట్టు, కేరళలో, శ్రీలంకలో ఎక్కువ. 30 నుంచి 80 ఏళ్ళు ఉత్త ఆకులు వేస్తూ పెరుగుతుంది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి ఆ ఏకైక మొవ్వునే పూతగా మార్చేస్తుంది. నెత్తి మీద 6 నుంచి 8 మీటర్ల ఎత్తున లక్షల కొద్దీ పూలు. మొక్కల ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద పూలగుత్తి లేదు. దాదాపు ఏడాదికి కాయలు పండి రాలుతాయి, చెట్టు చచ్చిపోతుంది. తెగులు పట్టి కాదు, ఇక పెరగటానికి కొన లేక, దాచుకున్న పిండంతా కాయల్లోకి వెళ్ళిపోయి. దగ్గరి బంధువుల్లో ఒకటి తన కొనను దాచుకుంది, ఒకటి ధారపోసింది. ఎన్నిసార్లు చెప్పినా ఈ చెట్టు దగ్గరికొచ్చేసరికి నాకు మనసు నిండుతుంది.

అరటి కూడా ధారపోసేదే. మనం కాండం అనుకునే బోదె ఆకుల మట్టల చుట్టే. అసలు కొన నేల దగ్గర దుంపలోనే ఉంటుంది. పూత వేళకు ఆ కొన పూలకాడై, బోదె మధ్యలోంచి పైదాకా దూసుకుని వచ్చి తల వాలుస్తుంది. మనం వండుకునే అరటి దూట ఆ కాడే. అందుకే గెల వేయని చెట్టును చీలిస్తే దూట దొరకదు. [అరటిపువ్వు పొర తెరిచి] ఈ ఊదారంగు పొర పుచ్ఛం. దాని కింద రెండు వరుసల్లో పూలున్నాయి. మొదట తెరిచిన పొరల కిందివి ఆడపూలు, ఒక్కో పొర కింది పూలు ఒక్కో అత్తం. తర్వాత వచ్చేవన్నీ మగపూలు. అరటికాయ కొసన నల్లగా ఎండిన ముక్క ఉంటుంది కదా, అది పువ్వు మిగులు. అండాశయం పువ్వు కింద ఉంది కాబట్టి పువ్వు కాయ కొసన మిగిలింది. కూరకు ఒలిచేటప్పుడు ప్రతి పువ్వులోంచీ ఒక గట్టి పుల్లనూ, ఒక పలచటి పొరనూ తీసేస్తాం. పుల్ల కీలం, అంటే అండాశయం మీది కాడ, దాని చివరి బుడిపె కీలాగ్రం, పలచటి పొర విడిగా ఉండే ఒక పత్రం. మనం తినే అరటికి పరాగసంపర్కంతో పని లేదు, కాయ దానంతట అదే ఊరుతుంది. కాబట్టి మగపూలతో రైతుకు అవసరం లేదు. కానీ కాడ కొన ఆగే రకం కాదు, వారాల తరబడి పొరలు విప్పుతూనే ఉంటుంది. ఆఖరి అత్తం వచ్చాక పువ్వును కోసేస్తే ఆ ఆహారం గెలకు పోతుంది.

మామిడిలో ఏడు విడిచి ఏడు వచ్చే కాపుకు కూడా ఈ కొనే చాలావరకు కారణం. పూత కొమ్మ కొననే వస్తుంది. కొన పూతైతే ఆ కొమ్మ అక్కడితో ఆగింది. కాయ దిగాక పక్క మొగ్గలోంచి కొత్త చిగురు వచ్చి, అది ముదిరితేనే మళ్ళీ పూత. కాపు విరగకాసిన ఏడు చెట్టుకు ఆ చిగురు వేసే ఓపికా, వ్యవధీ ఉండవు. దానికి తోడు టెంకల్లో తయారయ్యే హార్మోన్లు కూడా వచ్చే పూతను అడ్డుకుంటాయి. ఒక్కో పూతగుత్తిలో వందల నుంచి వేల పూలుంటాయి. మగపూలు, ద్విలింగ పూలు కలిసే ఉంటాయి. చాలా పూలలో పనిచేసే కేసరం ఒక్కటే. ద్విలింగ పూలలో నూటికి ఒక్కటైనా కాయగా నిలవటం గగనం. పూత రాలుతోందని దిగులుపడే రైతుకు నేను చెప్పేది ఇదే. గుత్తికి ఒకటి రెండు కాయలు నిలిస్తే చెట్టు తన లెక్క ప్రకారం చేసినట్టే.

వరిలో కొన కథకు మూడో ముగింపు ఉంది. వెన్ను కొన కొన్ని కొమ్మలు వేసి, పువ్వూ కాదు, సాగనూ సాగదు. ఎండిపోయి చిన్న మచ్చగా మిగిలిపోతుంది. పై కొమ్మలు దాన్ని దాటి పెరిగిపోవటం వల్ల వెన్ను కొస అదే అనిపిస్తుంది. గింజలు ఎన్ని కట్టాలో ఈనికకు సుమారు 30 రోజుల ముందే, చిరుపొట్ట దశలోనే తేలిపోతుంది. అప్పుడు దుబ్బులో ఒక పిలకను నిలువునా చీల్చి చూస్తే మొదట్లో మిల్లీమీటరో రెండో ఉన్న తెల్లటి నూగు కొన కనిపిస్తుంది. మూడో విడత యూరియా ఆ దశలో వెయ్యమనేది అందుకే. 2005లో జపాన్ పరిశోధకులు ఒక జన్యువును పట్టుకున్నారు. సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఎంజైము అది. అది మందగిస్తే వెన్ను కొనలో హార్మోను నిలిచి, కొన మరికొంతసేపు చురుగ్గా ఉండి, ఎక్కువ గింజలు కడతాయి. గింజల సంఖ్యంటే కొన ఎంతసేపు మేలుకుని ఉందన్న లెక్కే.

[మక్కకంకి ఒలిచి] మక్కలో మగపూలు మొక్క కొసన జల్లులో, ఆడపూలు నడుమ ఆకు మొదట్లో కంకిలో ఉంటాయి. ఈ కంకి గింజల వరుసలు లెక్కపెట్టమ్మా. పద్నాలుగు. ఇంటికెళ్ళి ఇంకో కంకి లెక్కపెట్టండి, పన్నెండో పదహారో రావచ్చు కానీ, కంకి సరిగ్గా పెరిగితే బేసి సంఖ్య రాదు. కంకి మీద పూలు జంటలు జంటలుగానే పుడతాయి కాబట్టి. ఈ పీచులో ఒక్కో పోగూ ఒక్కో గింజ కీలం. అడుగు గింజల పోగులు ముందు బయటికొస్తాయి, కొస గింజలవి ఆఖరున. బెట్ట వస్తే పీచు ఆలస్యమవుతుంది, అప్పటికి జల్లులో పుప్పొడి అయిపోతుంది. కొస బోడిగా ఉన్న కంకిని చూస్తే పూత రోజుల్లో ఆ చేను ఎండకు ఆగిందేమోనని ముందు అడగాలి.

మేడికాయ మిగిలింది. దీని పొట్టలో పురుగులంటూ దీనికి లోకంలో చెడ్డపేరొచ్చింది. కోసి చూపిస్తాను. లోపలి గోడంతా పూలే. పూలను మోసే కాడే గుండ్రటి సంచిగా మూసుకుపోయి, కొసన ఒక్క సన్నటి ద్వారం మిగిలింది. హైపన్‌థోడియం అంటారు. ఆ ద్వారంలోంచి ఒక జాతి కందిరీగ మాత్రమే దూరుతుంది, మనం చూసే ఈగలకన్నా చాలా చిన్నది. దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి, మళ్ళీ బయటికి రాదు. మోసుకొచ్చిన పుప్పొడిని ఆడపూలకు అంటిస్తూ, కొన్ని పూలలో గుడ్లు పెట్టి లోపలే చచ్చిపోతుంది. వారాల తర్వాత రెక్కల్లేని మగవి ముందు పుట్టి, ఆడవాటితో కలిసి, గోడకు సొరంగం తొలుస్తాయి. అప్పటికి మగపూలు పక్వానికి వస్తాయి. ఆడ కందిరీగలు ఆ పుప్పొడి తీసుకుని ఇంకో మేడిచెట్టుకు ఎగిరిపోతాయి. ఈ పురుగులు లేకపోతే మేడికి విత్తనం లేదు, మేడి లేకపోతే ఎన్నో పిట్టలకు, గబ్బిలాలకు తిండి లేదు. మర్రి, రావి కూడా ఇంతే, ఒక్కోదానికి దాని జాతి కందిరీగ ఉంది. పొట్ట విప్పినప్పుడు కనిపించే పురుగును అసహ్యించుకోకండి, ఆ చెట్టు వంశం దాని మీదే నిలబడింది.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, పొద్దుతిరుగుడు నిజంగా పొద్దుతోపాటు తిరుగుతుందా?

లేత మొక్క తిరుగుతుందమ్మా. పగలు కాడలో తూర్పువైపు ఎక్కువ పెరిగి తలను పడమటికి వంచుతుంది, రాత్రి పడమటివైపు పెరిగి మళ్ళీ తూర్పుకు తెస్తుంది. పువ్వు విచ్చుకుని పెరుగుదల ఆగాక తూర్పుకు తిరిగి నిలిచిపోతుంది. అలా నిలవటంలో లాభముందని 2016లో అమెరికా పరిశోధకులు తేల్చారు. కుండీల్లో పెంచిన మొక్కలను కొన్నిటిని పడమటికి తిప్పి పెట్టి చూశారు. తూర్పుకున్నవి పొద్దున్నే త్వరగా వేడెక్కాయి, వాటి మీదికే ఎక్కువ ఈగలు వచ్చాయి.

ఒక రైతు: వరి పూత మీదుంటే మందు కొట్టొచ్చా, సార్?

తప్పదనుకుంటే వేళ చూసుకుని కొట్టాలి, పెద్దాయనా. వరి పువ్వు విచ్చుకునేది దాదాపు ఉదయం 9 నుంచి 12 లోపు. పొట్టు రెండు రెక్కలూ విడిపోయి, ఆరు కేసరాలు బయటికి వేలాడి, సుమారు గంటలో మళ్ళీ మూసుకుంటుంది. ఆ గంటలో పుప్పొడి తడిసినా, ఎండ 35 డిగ్రీలు దాటినా గింజ తాలవుతుంది. ఒక వెన్ను పూర్తిగా పూయటానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, పై కొమ్మలు ముందు, అడుగువి ఆఖరున. కాబట్టి పై గింజలు మూసుకున్నాయి కదా అని పొద్దున్నే పంపు భుజానికెత్తుకోకండి, కింద ఇంకా విచ్చుకుంటూనే ఉంటాయి. సాయంత్రం పూట కొట్టండి.